ఫొటోగ్రఫీ కోర్సు ఎంచుకునే ముందు: మీ ఫొటోను మళ్లీ తీయించేది ఎవరు?

నేను డబ్బు కట్టి చేరిన మొదటి ఫొటోగ్రఫీ కోర్సులో పాఠాలన్నీ రెండు వారాల్లో చూసేశాను. పానింగ్ పాఠాన్నైతే మూడుసార్లు చూశాను. కదిలే సైకిల్‌తో పాటే కెమెరాను తిప్పుతూ తీస్తే సైకిల్ స్పష్టంగా వస్తుందని, వెనకనున్న గోడ గీతలుగా సాగిపోతుందని ఎవరు అడిగినా వివరించగలిగేవాణ్ని. నెల తర్వాత ఒక సాయంత్రం నిజంగానే ఎదురుగా సైకిల్ వచ్చింది. షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలన్నది) ఎంత పెట్టాలో తేల్చుకునేలోపు అది మలుపు తిరిగిపోయింది.

రెండో కోర్సులో తొలి అసైన్‌మెంట్ చాలా చప్పగా అనిపించింది. ఒక కుర్చీ, ఒక కిటికీ. కుర్చీని కదపకూడదు, దీపం వేయకూడదు, ఇరవై ఫొటోలు పంపాలి. పంపాను. గురువుగారి జవాబు మూడు ముక్కల్లో వచ్చింది: “ఇరవయ్యీ నిలబడే తీశారు. కిటికీ ఎప్పుడూ మీ వెనకే ఉంది. మళ్లీ తీయండి.” ఒళ్లు మండింది. అయినా మళ్లీ తీశాను. కిటికీకి ఎదురుగా నేలమీద చతికిలబడ్డాక గానీ, కుర్చీ కాళ్ల నీడలు నా మోకాళ్ల దాకా పాకుతున్న సంగతి కంటబడలేదు.

అందుకే కోర్సుల గురించి సలహా అడిగినవారిని నేను ముందుగా అడిగేది ఒకటే: అక్కడ మీ ఫొటోను చూసి మళ్లీ తీయమనే మనిషి ఉన్నారా? సిలబస్, ధ్రువపత్రం, పాఠాల సంఖ్య, బోధించేవారి పేరుప్రఖ్యాతులు ఆ తర్వాతి మాట.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

### అసైన్‌మెంట్ ఎలా ఉంది?

“మీకు నచ్చిన ప్రకృతి దృశ్యాన్ని తీసి పంపండి” అంటే అది అసైన్‌మెంట్ కాదు, సెలవు రోజు. ఏం నేర్చుకోవాలో అందులో లేదు. తప్పు జరిగిందో లేదో తేల్చే వీలూ లేదు. మంచి అసైన్‌మెంట్ అన్నిటినీ కట్టిపడేసి ఒక్కదాన్ని మాత్రం వదులుతుంది. ఆ ఒక్కటి మారినప్పుడు ఫొటోలో ఏం మారిందో మీరే కనిపెట్టాలి.

ఉదాహరణకు, తెల్ల కాగితం మీద తెల్ల కప్పు పెట్టి ఆటో ఎక్స్‌పోజర్‌లో, అంటే వెలుగు ఎంత కావాలో కెమెరాకే వదిలేసి, తీయమంటారు. కప్పు బూడిదరంగులో వస్తుంది. తర్వాత నల్ల గుడ్డ మీద నల్ల వస్తువు. అదీ బూడిదరంగుకే జరుగుతుంది. కెమెరాలోని మీటర్ ఎదుటి దృశ్యాన్ని మధ్యస్థమైన బూడిదరంగుగా భావించి లెక్క కడుతుందని పాఠంలో వింటే అది ఒక సమాచారం. మీ కప్పు మాసిపోయి కనిపించాక, ఎక్స్‌పోజర్‌ను ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పెంచితే తెల్లబడటం చూశాక, అది చేతిలోకి వస్తుంది. తెల్ల దుస్తుల్లో ఉన్న మనిషిని తీసేటప్పుడు వేలు తనంతట తానే ఆ డయల్ మీదికి వెళ్తుంది.

మరొకటి. మనిషి ముఖానికి ఒక మీటరు దూరంలో దీపం పెట్టి ఒక ఫొటో, అదే దీపాన్ని రెండు మీటర్లకు జరిపి ఇంకో ఫొటో. కెమెరా సెట్టింగులు మార్చకూడదు. దూరం రెట్టింపయితే వెలుగు సగమవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నాలుగో వంతు అవుతుంది, అంటే రెండు స్టాపుల తేడా. దాంతోపాటు ముఖం మీది నీడల అంచులు కూడా పదునెక్కుతాయి, ఎందుకంటే దూరం జరిగిన దీపం ముఖానికి చిన్నదైపోయింది. ఒక్క దీపంతో, పావుగంటలో తేలిపోయే పాఠం ఇది. దీన్ని చేయించకుండా స్టూడియో లైటింగ్ గురించి గంటలకొద్దీ చెప్పే కోర్సులు ఎన్నో ఉన్నాయి.

ఫొటోల సంఖ్యకు పరిమితి పెట్టే అసైన్‌మెంట్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఫిల్ము రోలులో 36 ఫ్రేములే ఉండేవి. ఈ వారం 36 మాత్రమే, డిలీట్ చేయడం కుదరదు అని గురువు గిరి గీస్తే, బటన్ నొక్కే ముందు మనిషి కాస్త ఆగుతాడు.

### దిద్దేది ఎవరు, ఏం చూసి, ఎంతలోగా?

“చాలా బాగుంది” అన్న మాట విని ఎవరూ మెరుగుపడలేదు. “ఎడమ మూలనున్న తెల్ల సంచి చూపును లాగేస్తోంది, రెండడుగులు కుడికి జరిగితే స్తంభం చాటుకు పోయేది” అన్న మాటతో మెరుగుపడతారు. అలాంటి మాట చెప్పాలంటే చూసేవారికి అనుభవం ఉండాలి, మీ ఫొటోకు కేటాయించే సమయమూ ఉండాలి. రెండువందల మంది ఉన్న బ్యాచ్‌లో ఎంత గొప్ప ఫొటోగ్రాఫర్ బోధిస్తున్నా ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు ఎప్పుడు వస్తుందన్నదీ అంతే ముఖ్యం. తర్వాతి అసైన్‌మెంట్ మొదలయ్యేలోపు రాని దిద్దుబాటు పెళ్లయ్యాక వచ్చిన శుభలేఖ లాంటిది.

ఇక్కడ చాలామంది గమనించని చిన్న విషయం ఒకటుంది. చిన్న బ్యాచ్‌లు కొన్ని అసైన్‌మెంట్లను మెసేజింగ్ గ్రూపులో పంపించమంటాయి. వాటిలో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. దాంతోపాటే ఫైలులో నమోదైన అపెర్చర్ (లెన్సు రంధ్రం వెడల్పు), షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) వివరాలూ పోతాయి. ఫొటో మసకగా వచ్చింది సరే, షట్టర్ నెమ్మదిగా ఉండటం వల్లనా, ఫోకస్ తప్పడం వల్లనా? ఆ వివరాలు లేకుండా గురువు ఊహించాల్సిందే. అసలు ఫైళ్లను తెప్పించుకునే కోర్సు, కనీసం డాక్యుమెంటుగా పంపమనే కోర్సు, పని తెలిసినవారు నడిపేదని నా నమ్మకం.

### మీ పరికరం, మీ సమయం

చాలా ఫోన్లలో అపెర్చర్ మారదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక భాగం మసకబారేది సాఫ్ట్‌వేర్ పనితనంతో. కాబట్టి పెద్ద రంధ్రమైన ఎఫ్/2.8కూ చిన్నదైన ఎఫ్/11కూ తేడా చూపించమనే అసైన్‌మెంట్ ఫోను ఉన్నవారికి సాధ్యం కాదు. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ అసైన్‌మెంట్లు చేయవచ్చు. వెలుగు, ఫ్రేమింగ్, క్షణాన్ని పట్టుకోవడం ఏ ఫోనుతోనైనా నేర్చుకోవచ్చు. “ఏ కెమెరా అయినా ఫరవాలేదు” అని ప్రకటించే కోర్సును, ఫోను ఉన్నవారికి అపెర్చర్ అసైన్‌మెంట్‌కు బదులు ఏమిస్తారో అడగండి.

సమయం సంగతికొస్తే నా లెక్క ఇది: గంట పాఠానికి తీయడానికి మూడు గంటలు, ఏరుకోవడానికి, సరిచేయడానికి మరో గంట. పాఠాల నిడివిని మాత్రమే చూసి చేరినవారు మూడోవారానికి కనిపించకుండా పోతారు.

## ఒక్కో దారి ఎలా ఉంటుంది

| దారి | అసైన్‌మెంట్ | దిద్దేవారు | మళ్లీ తీసే అవకాశం | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| రికార్డు చేసిన వీడియో కోర్సు | ఉంటుంది, బలవంతం ఉండదు | ఎవరూ లేరు, లేదా తోటి విద్యార్థులు | మీ పట్టుదలను బట్టి | చూడటంతోనే ఆగిపోతుంది |
| గడువులున్న ఆన్‌లైన్ బ్యాచ్ | వారానికొకటి | గురువు, తోటివారు | తరచుగా ఉంటుంది | బ్యాచ్ పెద్దదైతే |
| రెండు మూడు రోజుల వర్క్‌షాప్ | అక్కడికక్కడే | గురువు, పక్కనే నిలబడి | ఆ పూటే | ఇంటికొచ్చాక మరుపు |
| నెలల తరబడి నడిచే తరగతి | వరుసక్రమంలో | గురువు, ముఖాముఖి | ఉంటుంది | రాకపోకలు, నిదానం |
| ఒకరికి ఒకరుగా మెంటార్ | మీకోసం తయారుచేసినది | మెంటార్ | ఎన్నిసార్లయినా | ఖర్చు, ఒకే చూపు |
| సొంతంగా అల్లుకున్న కోర్సు | మీరే పెట్టుకోవాలి | ఒకరిద్దరు మిత్రులు | మీ ఇష్టం | నాలుగో వారం |

రికార్డు చేసిన కోర్సు అంటే నాకు చిన్నచూపు లేదు. ఎన్నిసార్లైనా వెనక్కి జరిపి చూడవచ్చు. ఎడిటింగ్ నేర్చుకోవడానికి దీనికి మించినది లేదు: ఒక తెరపై పాఠం, పక్కనే మీ ఫైలు. సెన్సార్ నమోదు చేసిందంతా దాచుకునే రా ఫైలులో, చాలా కెమెరాల్లో, ఒక్కో రంగుకు 14 బిట్లు, అంటే 16,384 స్థాయిలు ఉంటాయి, కుదించిన జేపెగ్ ఫైలులో 256. నీడల్లోని వివరాలను పైకి లాగినప్పుడు ఒకటి నిలబడుతుంది, మరొకటి మచ్చలు పడుతుంది. ఆ తేడా చూడటానికి గురువు పక్కన ఉండనక్కరలేదు. సిద్ధాంతం కావాలన్నా ఇదే దారి. స్టాన్‌ఫోర్డ్‌లో డిజిటల్ ఫొటోగ్రఫీ బోధించిన మార్క్ లెవోయ్, 2016లో గూగుల్‌లో ఇచ్చిన 18 ఉపన్యాసాలను ఎవరైనా చూసేలా ఉచితంగా పెట్టారు. లెన్సులు, సెన్సార్లు ఎలా పనిచేస్తాయో అంత ఓపికగా చెప్పినవారు అరుదు.

తోటి విద్యార్థులు దిద్దే పద్ధతి దీనిలోనే మరో రకం. ఆన్‌లైన్ కోర్సుల వేదిక కోర్సెరాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ తయారుచేసిన ఫొటోగ్రఫీ కోర్సుల వరుస ఈ పద్ధతితోనే వచ్చింది. మీకు వచ్చే వ్యాఖ్యలు అదృష్టాన్ని బట్టి ఉంటాయి. ఒకరు పేరా రాస్తారు, మరొకరు ఒక్క పదంతో సరిపెడతారు. అయితే లాభం ఇంకో వైపు నుంచి వస్తుంది. ముక్కూముఖం తెలియని పదిమంది ఫొటోలు చూసి, ఇది ఎందుకు కుదరలేదో మాటల్లో పెట్టాల్సి వచ్చినప్పుడు, మీ ఫొటోల్లోని అదే లోపం మెల్లగా కనబడటం మొదలవుతుంది.

గడువులున్న బ్యాచ్ ఎక్కువమందికి సరిపోతుందని నా అభిప్రాయం. ఆదివారం రాత్రికి ఫొటో చేరాలన్న భయం చేసే మేలు ఇంకేదీ చేయదు. ఒకే అసైన్‌మెంట్‌ను పదిహేనుమంది పదిహేను రకాలుగా చేసుకురావడం మరో లాభం. మీరు వాననీటి గుంటలో ప్రతిబింబం అనుకున్నచోట ఒకరు చెంచా వెనక వైపు తీసుకొస్తారు. బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో అడగండి. ప్రతి ఒక్కరి ఫొటోకూ గురువు అయిదు నిమిషాలిచ్చినా, ముప్ఫైమందికి రెండున్నర గంటలు కావాలి. వారి తరగతి గంటే అయితే లెక్క మీకే తెలిసిపోతుంది.

వర్క్‌షాప్ మెరుపులాంటిది. గురువు మీ భుజం పక్కనే నిలబడి, మీ వేలు ఎక్కడ తడబడుతోందో చూస్తారు. ఇది ఆన్‌లైన్‌లో దొరకదు. కానీ చిక్కు ఏమిటంటే, అక్కడ లైట్లు వారు పెట్టినవి, మోడల్ వారు పిలిపించిన వ్యక్తి, కోణం కూడా చాలాసార్లు వారు చూపించినదే. పదిమందీ వరుసగా నిలబడి ఒకే ఫొటో తీసుకుని ఇంటికి వస్తారు. ఆ ఫొటో నిజంగా ఎవరిది? కనుక వర్క్‌షాప్ ముగిశాక నెలలోపు సొంతంగా చేసి పంపాల్సిన అసైన్‌మెంట్ ఉందా అని చూడాలి. లేకపోతే దాన్ని విహారయాత్ర పద్దులో రాసుకోండి.

నెలల తరబడి నడిచే తరగతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఈ పనినే వృత్తిగా చేపట్టదలచినవారికి ఇది తగినది. ప్రింట్లు బల్లమీద పరిచి మాట్లాడుకోవడం, స్టూడియో, అరువుకు దొరికే లైట్లు ఇక్కడే ఉంటాయి.

మెంటార్ దగ్గరికి తొలిరోజే వెళ్లడం వృథా. అపెర్చర్ అంటే ఏమిటో చెప్పించుకోవడానికి ఒక నిపుణుడి గంటను ఖర్చు పెట్టకూడదు. మూడు నాలుగేళ్లు తీసి, అన్ని ఫొటోలూ ఒకేలా వస్తున్నాయని విసుగు పుట్టినప్పుడు వెళ్లాలి. వంద ఫొటోలు ముందు పెడితే, మీరు ఎప్పుడూ విషయాన్ని ఫ్రేము మధ్యలోనే పెడుతున్నారని, మనుషులకు దగ్గరగా వెళ్లడానికి జంకుతున్నారని పది నిమిషాల్లో చెప్పేస్తారు. ఒకే వ్యక్తి దగ్గర ఎక్కువ కాలం ఉంటే మీ ఫొటోలు ఆయన ఫొటోల్లా తయారవుతాయన్నది కూడా గుర్తుండాలి.

సొంత కోర్సు చవకైనది, కష్టమైనది. నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ నాలుగో వారంలో ఆపేశాను. మూడోసారి ఒక మిత్రుడితో కలిసి చేశాం. అసైన్‌మెంట్లు అతనివి నేను, నావి అతను రాశాం. ఎవరికి వారు సులువైనవి పెట్టుకునే దారి మూసుకుపోయింది కనుక పన్నెండు వారాలు నడిచింది.

## ఏ మెళకువకు ఏ దారి

ఒకే మనిషికి కూడా ఒక్కో మెళకువకు ఒక్కో రకం బోధన నప్పుతుంది. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు ఆశ్చర్యం.

పానింగ్‌కు కావలసింది సంఖ్య. 1/30 సెకను దగ్గర మొదలుపెట్టి వందసార్లు తీస్తే పది నిలుస్తాయి. దీనికి గురువుకన్నా రోడ్డు అవసరం. రికార్డు చేసిన పాఠం, ఒక గడువు చాలు.

ఫ్లాష్‌కు మాత్రం మనిషి పక్కన ఉంటే మేలు. షట్టర్ స్పీడ్‌ను ఫ్లాష్ సింక్ పరిమితి (ఫ్లాష్‌తో కలిసి పనిచేయగల అత్యధిక వేగం) దాటించి పెడితే, అంటే చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 సెకను దాటితే, ఫ్రేములో ఒక వైపు నల్లటి పట్టీ వస్తుంది. కెమెరా పాడైందని భయపడి రెండురోజులు వృథా చేసుకునే బదులు పక్కనున్నవారు రెండు సెకన్లలో చెబుతారు. ఒకటికి మించి లైట్లు వాడటం, నీడను ముఖంపై ఎక్కడ ఆపాలో చూడటం కూడా వర్క్‌షాప్‌లోనే త్వరగా వస్తాయి.

లాంగ్ ఎక్స్‌పోజర్, అంటే షట్టర్‌ను చాలాసేపు తెరిచి ఉంచి తీయడం, లెక్కతో కూడిన పని. లెన్సులోకి వెళ్లే వెలుగును తగ్గించే పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ తగిలిస్తే 1/60 సెకను కాస్తా దాదాపు 17 సెకన్లవుతుంది. ట్రైపాడ్, ఓపిక ఉంటే ఇంట్లో కూర్చుని నేర్చుకున్నదే సరిపోతుంది.

నక్షత్రాల ఫొటోల కోర్సును మాత్రం క్యాలెండర్ చూసి ఎంచుకోవాలి. పాలపుంత తీయాలంటే వెన్నెల లేని రాత్రి కావాలి. అమావాస్య 29.5 రోజులకొకసారి వస్తుంది. నాలుగు వారాల కోర్సులో మీకు దక్కేవి ఒక అమావాస్య చుట్టూ ఉన్న కొద్ది రాత్రులే, అప్పుడు మబ్బు పడితే అవీ లేవు. మళ్లీ తీయడమన్నదే కుదరని చోట నేర్చుకునేది తక్కువ. 500 సంఖ్యను లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే నక్షత్రాలు గీతలు కాకుండా ఉండే సెకన్లు ఉజ్జాయింపుగా వస్తాయి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (35 ఎంఎం ఫిల్ము ఫ్రేమంత సెన్సార్ ఉన్నది) 24 ఎంఎం లెన్సుకు సుమారు 20 సెకన్లు. ఈ సూత్రం ఎవరైనా చెబుతారు. చీకట్లో ఫోకస్ కుదుర్చుకోవడం, మంచు పట్టిన లెన్సును తుడుచుకోవడం రెండు మూడు అమావాస్యల పని. మూడు నెలల వ్యవధి ఇచ్చే కోర్సు, లేదా అప్పుడప్పుడు మాట్లాడే మెంటార్ దీనికి సరైనవారు.

చిన్నవాటిని అతి దగ్గరగా తీసే మాక్రోలో వస్తువును సెన్సార్ మీద దాని అసలు పరిమాణంలో తీస్తే, ఎఫ్/8 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరు లోపే. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ తీసి, కంప్యూటర్‌లో కలపాలి. సగం చేతిపని, సగం తెరపని. వీడియో పాఠాలు ఇక్కడ బాగా ఉపయోగపడతాయి.

అపరిచితుల పోర్ట్రెయిట్‌లకు సాంకేతికత అడ్డు కాదు, బిడియం అడ్డు. గుంపుగా వెళ్లే తరగతిలో ఆ బిడియం త్వరగా వదులుతుంది.

## మీరు ఎవరైతే ఏది

వారానికి నాలుగైదు గంటలు కూడా నిలకడగా దొరకనివారు, పసిపిల్లలున్నవారు, షిఫ్టుల్లో పనిచేసేవారు గడువుల బ్యాచ్‌లో చేరి అపరాధభావం మూటగట్టుకోవద్దు. రికార్డు చేసిన కోర్సు తీసుకుని అందులో మూడు అసైన్‌మెంట్లే ఎంచుకోండి, ఒక్కోదాన్ని రెండేసిసార్లు చేయండి. మిగతా పాఠాలు అలాగే ఉండిపోతే ఏ నష్టమూ లేదు.

ఫోను మాత్రమే ఉన్నవారికి చిన్న ఆన్‌లైన్ బ్యాచ్ మంచిది, అందులో సగంమందైనా ఫోను వాడేవారై ఉండాలి. లేకపోతే ప్రతి తరగతిలోనూ చర్చ లెన్సుల వైపు మళ్లుతుంది. మీరు కెమెరా కొనాలేమోనన్న దిగులుతో బయటికి వస్తారు.

ఈ పనితో సంపాదించదలచినవారికి దీర్ఘకాలిక తరగతి, లేదా మెంటార్‌తో పాటు ఎవరి దగ్గరైనా సహాయకులుగా పని. కోర్సు ధ్రువపత్రాన్ని అడిగే క్లయింట్లు చాలా తక్కువ, ఫొటోలు చూపించమనేవారే అందరూ. అలాంటప్పుడు ఎంచుకోవాల్సింది చివరికి చేతిలో ఇరవై మంచి ఫొటోల వరుస మిగిల్చే కోర్సు.

కెమెరా కొని ఏడాదైనా ఆటో మోడ్ దాటనివారికి నా సలహా సూటిగా ఉంటుంది: గడువుల బ్యాచ్. వీడియో కోర్సు వద్దు, మీరు దాన్ని చూస్తూ కూర్చుంటారు. నేను కూర్చున్నాను.

## డబ్బు కట్టేముందు

నిర్వాహకులను రెండు అడగండి. గత బ్యాచ్‌లో ఇచ్చిన ఒక అసైన్‌మెంట్ పాఠ్యం, దానికి ఒక విద్యార్థి పంపిన ఫొటోపై గురువు రాసిన వ్యాఖ్య. విద్యార్థి పేరు తీసేసి, వారి అనుమతితో పంపమనండి. రెండూ ఇవ్వగలిగినవారి దగ్గర అసలు సరుకు ఉన్నట్టే. మెరిసే ఫొటోల ఆల్బమ్ మాత్రమే పంపితే, అవి చేరకముందు తీసినవో చేరాక తీసినవో మీకు తెలిసే దారి లేదు.

పాఠ్యం చేతికి వచ్చాక దాన్ని ఈ వారమే, ఇంట్లోనే, ఏ కోర్సులోనూ చేరకుండా చేసి చూడండి. ఆదివారం రాత్రికి ఫొటోలు తయారైతే గడువుల బ్యాచ్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. తయారు కాకపోతే, ఏది అడ్డుపడిందో ఒక కాగితం మీద రాసుకోండి: సమయమా, కెమెరానా, ఏం తీయాలో తోచకపోవడమా. పైనున్న పట్టికను ఆ కాగితం పక్కన పెట్టుకుని మళ్లీ చదవండి.